ఆమె పిలిచిన ఆటో

అక్కా,

దవాఖాన బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇవాళ ఎమ్మెల్యే ఒకాయన ఇబ్రహీంపట్నం వస్తే, మన చర్చివాళ్లమంతా వెళ్లి కలిశాం. పేదలకు సొంత ఇల్లు హక్కుగా దక్కేలా చట్టం తెమ్మని పాస్టరయ్య అడిగాడు.

"కిరాయిండ్లల్ల మంచిగనే ఉంటున్నరు గదా, చట్టమెందుకు?" అన్నాడాయన.

నువ్వుంటే కొంగు లాగి కూర్చోబెట్టేదానివి. నేను లేచాను.

"బతికున్నన్ని దినాలు ఉండనిస్తరు సార్. సచ్చినంక గడప తొక్కనియ్యరు. మా అక్కను దవాఖాన నుంచి తెస్తే ఇంటామె గేటుకు తాళమేసింది. చర్చి వాకిట్ల టెంటేసి పండవెట్టినం."

ఆయన తల దించుకుని, అసెంబ్లీలో మాట్లాడతానన్నాడు.

ఇంటామె చెడ్డది కాదక్కా. శవాన్ని దించిన ఇంటికి మళ్లీ ఎవరూ కిరాయికి రారని ఆమె భయం. నేనింకా మన గదిలోనే ఉంటున్నాను. వేరేచోట మాత్రం శవాన్ని దించనిస్తారా?

సాయంత్రం ఇల్లు చేరేసరికి నాకు ఒళ్లు కాలిపోతోంది. ఇంటామె నుదురు పట్టి చూసి, తనే ఆటో పిలిచింది.

"జర దవాఖానకు పో బిడ్డా, రాత్రికి ఇంట్ల ఉండకు," అంది.

ఆ రోజు నీకూ ఇట్లాగే పిలిచింది. ప్రేమనుకుని ఎక్కావు నువ్వు. నేను ఏమీ అనుకోకుండా ఎక్కాను.