పైపు చివర ఎర్ర పట్టీ

చిరంజీవి పెద్దబాబుకు అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. చిన్నదాని జ్వరం తగ్గింది. కోడలు బాగుంది. నాకే అన్నం సయించడం లేదు. ఒంట్లో ఏమీ లేదు, కంగారుపడకు.

నా దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. నా దిగులంతా నీ గురించే. రేకును తాడు పేనినట్టు మెలితిప్పి అతికించిన పెద్ద నీళ్ళ పైపుల్లోకి దూరి అతుకులు చూస్తున్నానని రాశావు. లోపల గాలి ఆడుతుందా? నువ్వున్నావని చూసుకోకుండా ఎవడైనా మూత బిగిస్తే? కోడలితో అంటే, "అత్తయ్యా, ఆయన బయట ఉన్నా మీకిదే గోల" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. దూరేముందు బయట ఒక మనిషిని నిలబెట్టుకో.

మన పైపుల యార్డులో సరుకు కదులుతోంది. గేట్లకూ కుర్చీలకూ నలుచదరం పైపులు, నీళ్ళ లైన్లకు జింకు పూత పైపులు బాగా పోతున్నాయి.

ఇక మన యార్డు మేస్త్రి సంగతి. లాండ్రీలో ఆవిరి లైను పగిలి, ఇస్త్రీ చేసే అమ్మాయి చెయ్యి కాలిందని కోడలు రాసింది కదా. లాండ్రీవాళ్ళు దళసరి పైపు అడిగితే పలచటిది పంపాడని మేస్త్రిని మాన్పించమన్నావు. మాన్పించాం. వెళ్తూ అతను, "ఎర్ర పట్టీ చూసే పంపానమ్మా. నా కళ్ళింకా పోలేదు" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు విప్పలేదు.

నాయనా, అతని కళ్ళు పోలేదు. నా బుద్ధే గడ్డి తింది.

అతను సెలవులో ఉండగా కొత్త లోడు దిగింది. కోడలు చిన్నదాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మర్నాడు కొనేవాళ్ళు వస్తారన్నారు. చూస్తే ఆ పైపుల చివర పసుపు పట్టీలు సగం ఊడి, తుప్పు పట్టి, దరిద్రం ఓడుతున్నాయి. పక్క వరసేమో ఎర్రగా నిగనిగలాడుతోంది. గేటుకు వెయ్యగా మిగిలిన ఎర్ర రంగు వీటి పట్టీల మీదా పూసేశాను. రంగు అందానికే అనుకున్నాను. పసుపంటే పలచన, ఎరుపంటే దళసరి అని నాకెవరు చెప్పారు? అడిగితే చెప్పేవాళ్ళే. అడగలేదు. పలచటిదానికి అతుకు బిగించే మరలు కోస్తే అక్కడ ఇనుము ఉల్లిపొరంత కూడా మిగలదట. ఆవిరి అక్కడే చీల్చుకొచ్చింది.

లాండ్రీ కబురు విన్నప్పుడే నాకు అర్థమైంది. ముసలిదాన్ని ఇక యార్డులో అడుగు పెట్టనివ్వవని భయపడ్డాను. ఒకరి నోటికాడి కూడు తీసి నా చోటు కాపాడుకున్నాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

నిన్న అతనింటికి వెళ్ళి చెప్పాను. అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. భార్య నన్ను కూర్చోమని కూడా అనలేదు. "మా గుమ్మంలో గొణిగితే ఏం లాభం పెద్దమ్మా? ఆయన్ని తిట్టింది అందరి ముందూ. ఇదీ అందరి ముందే చెప్పండి" అంది.

ఈ పొద్దున చెప్పాను. కూలీలు, లారీ డ్రైవరు, లాండ్రీ ఆయన, అందరూ ఉన్నారు. కోడలు "అత్తయ్యా!" అని ఆగిపోయింది. లాండ్రీ ఆయన, "ఆ పిల్లకి కూడా మీరే చెప్పండి" అన్నాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియదు కానీ, సాయంత్రం వెళ్తాను.

మేస్త్రి గేటు దగ్గర నిలబడి విన్నాడు. "ఆ వరసలోంచి ఒక్క పైపు బయటికి పోకూడదు" అని లోపలికొచ్చి, ఒక్కో అంచు మందం కొలిచి వేరు చేశాడు. పని అవగానే చేతులు కడుక్కున్నాడు. రేపు రా అయ్యా అని బతిమాలాను. "పొమ్మన్నది మీరు కాదు కదమ్మా, రమ్మనడానికి" అని వెళ్ళిపోయాడు.

అందుకే ఇది రాస్తున్నాను. నన్ను తిట్టడం తర్వాత. నాకు జవాబు రాయకపోయినా బాధపడను. ముందు అతనికి రాయి, తప్పు మా ఇంటిదేనని, నీ చేత్తో.

ఇట్లు,
నీకు తల ఎత్తి మొహం చూపించలేని
మీ అమ్మ