మరకపాలెం పేరు సంగతి

మరకపాలెం, బందరు.
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి హైమావతికి మీ నాన్న ఎల్లయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. ఉత్తరం మొదట్లో అలా రాయాలి కాబట్టి రాశాను. ఒళ్లు బాగానే ఉంది, మిగతాది చదివితే నీకే తెలుస్తుంది. గుడివాడలో నువ్వూ అల్లుడు ధనుంజయ్ గారూ పిల్ల యశస్వినీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

రాత చూసి ఇది అబ్రహాముది కాదే అనుకుంటావు. కాదు. ఇన్నాళ్లూ నేను చెబుతుంటే అబ్రహాము రాసిపెట్టేవాడు. ఈసారి నేనే రాస్తున్నాను. రెండో తరగతి చదువు, అక్షరాలు పెద్దవిగా వస్తాయి, కాగితాలు ఎక్కువవుతాయి. ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో మాట్లాడతావు. నేను ఒకసారి ఆగానంటే మళ్లీ మొదలుపెట్టను.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మొదటిది మీ అమ్మ మోకాలు. డాక్టరు మాత్ర ఇచ్చాడు. మోపిదేవి మొక్కు తీరిస్తేగాని తగ్గదని ఆమె పట్టు. "సుబ్బారాయుడికి తెలియని నొప్పి డాక్టరుకి తెలుసా?" అంటుంది. నేను గొడవ చేస్తే మాత్ర మింగుతుంది. మింగిన రోజు మెట్లెక్కి దిగుతుంది, పేరు మాత్రం స్వామికి.

రెండోది, కాలవ వెడల్పు చేస్తారని పేపర్లో చూశాను, నిజమేనా అన్నావు. నిజమే. మురుగుకాలవ సముద్రంలో కలిసేదాకా రెండు గట్లూ వెనక్కి జరుపుతారట. నెల కిందట టేపులు పట్టుకొచ్చి కొలిచారు. ముప్పై ఏడు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో నంబర్లు వేశారు. మనది ఇరవై రెండు. మీ అమ్మ ఆ నంబరు మీద పేడ అలికింది, మర్నాడు వచ్చి మళ్లీ వేశారు. ఇళ్లు పోతాయా అని అడుగుతావు. పట్టా నేల అయితే ఉంచుతారు, కాలవ గట్టు అయితే తీసేస్తారు. ఏదో శుక్రవారం తేలుతుంది. దాని గురించే ఈ ఉత్తరం.

మూడోది నీ పుస్తకం. మన పేట చరిత్ర రెండోసారి అచ్చు వేస్తున్నానని, అద్దకం గుడ్డలు ఉతకడానికి పెడన నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ల పేర్లు కావాలని రాశావు. ఆ పేర్ల సంగతి చివర చెబుతాను. ముందు నువ్వు తప్పు రాసిన వేరేవి సరిచేసుకో.

పేట ఎక్కడ మొదలవుతుందో నువ్వు సరిగ్గా రాయలేదు. బందరు కోనేరు సెంటర్ నుంచి తూర్పుగా వచ్చి, రైసు మిల్లు దాటాక రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది. సైకిలు తొక్కేవాడికి తెలుస్తుంది, కారులో వచ్చేవాడికి తెలియదు. అక్కడ మొదలు. కుడివైపు కాలవ, ఎడమవైపు ఉప్పుపర్ర. పర్రలో గడ్డి తప్ప ఏదీ మొలవదు. ఆ రెండింటి మధ్యన నడుము ఎత్తు దిబ్బ. పూర్వం కాలవ తవ్వినప్పుడు తీసిన మట్టి ఇటు పోశారు, దానికి ముందే అది కొంచెం ఎత్తు నేల. మా తాతల నాటి పాత ఉప్పెనలో కూడా నీళ్లు దాని మీద నిలవలేదని ముసలాళ్లు చెప్పేవారు. అందుకే డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత మనల్ని అక్కడ దింపారు. గట్టు మీద కాదు, దిబ్బ మీద. గట్టుకీ దిబ్బకీ మధ్య ముప్పై గజాలు ఉంటుంది. ఆ ముప్పై గజాలు గుర్తు పెట్టుకో.

ఇక శుక్రవారం సంగతి. పోయిన శుక్రవారం స్కూలు వరండాలో మీటింగు పెట్టారు. ఆఫీసరమ్మ వచ్చింది, మన యశస్విని కంటే పదేళ్లు పెద్దదేమో. మర్యాదగానే మాట్లాడింది. అబ్రహాము అందరి పట్టాలూ ఒక సంచిలో వేసుకుని వెళ్లాడు, ఉప్పెన తర్వాత ఏడాది ఇచ్చినవి. ఆమె ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది.

"ఇవి మెరకపాలెం పట్టాలండీ. మీది మరకపాలెం. మీ రేషన్ కార్డు, ఓటరు కార్డు, కరెంటు బిల్లు అన్నీ మరకపాలెమే."

"రెండూ ఒకటేనండీ," అన్నాడు అబ్రహాము.

"ఒకటేనని ఏ కాగితంలో ఉందండీ?"

అబ్రహాము దగ్గర అలాంటి కాగితం లేదు. నీ పుస్తకం ఉంది. గర్వంగా తీసి ఇచ్చాడు. "మా ఎల్లయ్య గారి అమ్మాయి రాసిందండీ. గుడివాడలో టీచరు. మా పేట చరిత్ర అంతా ఇందులో ఉంది."

ఆమె తిరగేసింది. ఒక పేజీ దగ్గర ఆగి పైకి చదివింది. పెడన అద్దకం వాళ్లు కాలవ గట్టున గుడ్డలు ఉతికే రేవు ఉండేదని, ఆ రంగు మరకల వల్లే మరకపాలెం అని పేరు వచ్చిందని, రేవు చుట్టూ ఇళ్లు వెలిశాయని. నువ్వు చక్కగా రాశావమ్మా. ఆమె అక్కడితో చదవడం ఆపేస్తే బాగుండుననుకున్నాను.

"చూడండి, మీ టీచరు గారే రాశారు. గట్టు మీద రేవు, రేవు చుట్టూ ఇళ్లు. గట్టు కాలవది కదండీ. మెరకపాలెం వేరే ఎక్కడో ఉండి ఉంటుంది, ఆ పట్టాలవాళ్లు ఎటో వెళ్లిపోయి ఉంటారు. మీలో మొదటినుంచీ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పమనండి, రాసుకుంటాను."

అందరూ నా వైపు చూశారు. పేటకి పెద్ద నేనే కదా. పెళ్లికైనా తగువుకైనా ముందు కుర్చీ నాకు వేస్తారు. ఆ రోజు కూడా ముందు కుర్చీలోనే కూర్చున్నాను. చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాను. వెనక బెంచీలో రహంతుల్లా దగ్గాడు. ఆ దగ్గు నాకోసమే.

"వచ్చే శుక్రవారం మళ్లీ వస్తాను, అదే ఆఖరు," అని ఆమె లేచింది.

తిరిగి వస్తుంటే రహంతుల్లా నా పక్కన నడిచాడు. వాడు పెడనలో నలభై ఏళ్లు గుడ్డల మీద అద్దకం అచ్చులు కొట్టినవాడు, నీకు తెలుసు.

"బావా, అద్దకం గుడ్డ ఉప్పునీళ్లలో ఉతుకుతారా?"

"ఉతకరు."

"మన కాలవలో పోటు వస్తే ఏ నీళ్లు ఎక్కుతాయి?"

"నన్ను పరీక్ష పెడుతున్నావా?"

"ఆ ఆఫీసరమ్మకి తెలీదు. మీ హైమకి తెలీదు. నాకూ నీకూ తెలుసు."

"అయితే నువ్వే లేచి చెప్పకపోయావా?"

"నలభై ఆరేళ్ల కిందట చెప్పాను. అప్పుడు నా మీదకి తారు బ్రష్ విసిరావు. చొక్కా ఇంకా దాచాను. రెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు బావా."

అమ్మా, పెడన నుంచి ఎవరూ రాలేదు. రేవు లేదు. గుడ్డలు లేవు. వాటికి పారే మంచినీళ్లు కావాలి, మన కాలవలో రోజుకి రెండుసార్లు సముద్రం ఎదురెక్కుతుంది. నువ్వు అడిగిన పేర్లు అందుకే పంపలేకపోతున్నాను. ఆ కథ నేను కట్టింది.

ఎందుకు కట్టానో మొదటినుంచి రాస్తాను. మాది దివిసీమలో సముద్రం పక్క ఊరు. ఇల్లు పల్లంలో ఉండేది. మా అమ్మ ఎప్పుడూ, "మెరక చూసుకుని ఇల్లు కట్టుకోరా ఎల్లిగా, మెరక చూసుకో," అనేది. ముసలిదాని నస అనుకునేవాణ్ణి. డెబ్భై ఏడు ఉప్పెన వచ్చిన నాడు నేను పడవలకి తారు పూసే పనికి బందరు వచ్చి ఉన్నాను. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని పుట్టింట్లో ఉంది. మా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది. ఆమె దొరకలేదు. ఆ సంగతి నీకు తెలుసు.

తర్వాత ఏడాది మాలాంటివాళ్లని ముప్పై ఏడు కుటుంబాలని ఈ దిబ్బ మీద దింపి పట్టాలిచ్చారు. పేరేం రాయమంటారని గుమస్తా అడిగితే నేనే ముందుకెళ్లి మెరకపాలెం అని చెప్పాను. అది మా అమ్మ మాట. వాడు సరిగ్గానే రాసుకున్నాడు.

మరుసటి ఏడు పేట ముందు బోర్డు పెట్టాలన్నారు. అప్పటికి రహంతుల్లా కాక అక్షరం ముక్క వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, తారూ బ్రష్షూ నా దగ్గరే ఉన్నాయి. రేకు మీద నేనే రాశాను. కోనేరు సెంటర్ దాకా కనబడాలని ఒక్కో అక్షరం మూరెడు రాశాను. రహంతుల్లా అటు పోతూ సైకిలు ఆపాడు.

"బావా, మొదటి అక్షరానికి ఎత్వం మర్చిపోయావు. అది మరకపాలెం అయింది."

చుట్టూ ఇరవై మంది ఉన్నారు, అంతకు ముందే నా రాత చూసి మెచ్చుకున్నవాళ్లు. "అచ్చులు కొట్టుకునేవాడివి, నువ్వా నాకు అక్షరాలు నేర్పేది?" అని బ్రష్ విసిరాను. వాడు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. ఒక్క ఎత్వం. నిచ్చెనెక్కి గీసుంటే అయిపోయేది. ఎక్కలేదు. ఎక్కితే వాడు చెప్పింది నిజమైపోతుందని.

మొదట్లో మనవాళ్లు నోటితో మెరక అనే అనేవారు. కార్డులు రాసేవాళ్లు బోర్డు చూసి రాసుకున్నారు. బస్సువాళ్లు బోర్డు చదివి పిలిచారు. పదేళ్లకు మన నోటికీ అదే వచ్చింది. చదువుకున్న పిల్లలు పట్టా చూసి, "ఇందులో వేరేగా ఉందేమిటి తాతా?" అంటే, "గుమస్తా తప్పు రాశాడు" అనేవాణ్ణి. సరిగ్గా రాసిన ఆ గుమస్తా పేరు కూడా నాకు తెలియదు.

నువ్వు ఆరో తరగతిలో బందరు స్కూల్లో చేరిన నెల గుర్తుందా? మరకపాలెం దానివి, నీ పక్కన కూర్చుంటే మరక అంటుతుంది అని నిన్ను బెంచీ చివరకి తోశారు. ఇంటికొచ్చి ఏడ్చావు. "ఇంత పాడు పేరు ఎవరు పెట్టారు నాన్నా?" అన్నావు. ఒక చేత్తో అన్నం పళ్లెం పట్టుకుని నా ముందే నిలబడ్డావు. నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. అప్పుడు ఆ రంగుల కథ చెప్పాను. మరక అంటే మురికి కాదమ్మా, అద్దకం రంగు, దేశదేశాలు పోయే గుడ్డల రంగు అన్నాను. నీ ఏడుపు ఆగింది. మర్నాడు క్లాసులో చెప్పావట, టీచరు మెచ్చుకుందని ఎగురుకుంటూ వచ్చావు. ఆ తర్వాత ఎలా కాదంటాను? నువ్వు పెద్దయ్యి టీచరువయ్యావు, అదే పిల్లలకి చెప్పావు, పుస్తకం వేశావు. పుస్తకం నా చేతిలో పెట్టిన రోజు అందులో ఆ పేజీ ఒక్కటి చించేయాలనిపించింది. అట్ట వేయించి దేవుడి పటం పక్కన పెట్టాను.

ఇప్పుడు ఆ పేజీ ముప్పై ఏడు ఇళ్లకి అడ్డం పడింది.

శుక్రవారం నేను చెబుతాను. ముందు కుర్చీలోంచి లేచి చెబుతాను. రహంతుల్లా సాక్షి వస్తానన్నాడు, తారు మరకల చొక్కా కూడా తెస్తానన్నాడు, వాడి ఎగతాళి వాడిది. ఆ పాత రేకు బాబ్జీ టీ కొట్టుకి వెనక తడికగా ఉంది, ఊడదీయించాను. ఎత్వం అప్పుడే పెట్టేద్దామని తారు వేడిచేశాను. రహంతుల్లా చెయ్యి పట్టుకున్నాడు. "ఇప్పుడు దిద్దితే దొంగ సాక్ష్యం అంటారు. ఆమె ముందే దిద్దు," అన్నాడు. ఈసారి వాడి మాట విన్నాను.

నేను చెబితే చాలదు. ముసలాడు ఇల్లు కోసం కథ మార్చాడు అంటారు. ఆ పేజీలో రాసింది మా నాన్న చెప్పగా విని రాశాను, అది నిజం కాదు అని నువ్వు కాగితం మీద సంతకం పెట్టి పంపాలి. వీలైతే నువ్వే రావాలి. నీ పుస్తకానికి పేరు పోతుంది, తెలుసు. స్కూల్లో నీ పిల్లల ముందు కూడా చెప్పాల్సి వస్తుంది. అప్పట్లో నిన్ను బెంచీ చివరకి తోయించింది నేనే, ఇప్పుడు మళ్లీ తోస్తున్నదీ నేనే. క్షమించమని అడగడం నాకు చేతకాదు, ఎవరినీ అడిగి ఎరగను. నువ్వు కోప్పడితే పడతాను. నలుగురికీ తెలిసేముందు నీకు తెలియాలని అబ్రహాము చేత రాయించలేదు.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. ఆమె కూడా శుక్రవారమే వింటుంది.

ఇవాళ బుధవారం అయింది. నాలుగు రోజులు రాశాను. బాబ్జీ మధ్యాహ్నం గుడివాడ వెళ్తున్నాడు, అతని చేతికిస్తున్నాను, సాయంత్రానికి నీకు అందుతుంది. తారు డబ్బా సిద్ధంగా ఉంది. ఈసారి తప్పు పోకూడదని ఈ కాగితాల వెనక ఆ ఒక్క అక్షరమే రాసి చూసుకున్నాను, తిప్పితే కనబడుతుంది. పైన అలవాటు కొద్దీ ఊరి పేరు పాతదే రాశాను, కొట్టేయలేదు. కింద చూసుకో.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పిన మీ నాన్న,
ఎల్లయ్య,
మెరకపాలెం.