మొండి ట్రిగ్గర్లు

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇంట్లో కాలు నిలవక నీ పాత తుపాకీని గోనెసంచిలో చుట్టుకుని తెనాలి బస్సెక్కాను. చిన్న రవ్వగుళ్ల గొట్టానిదీ, పెద్ద తూటా గొట్టానిదీ, రెండు ట్రిగ్గర్లూ మొండివే, ఎంత నొక్కినా ఓ పట్టాన కదలవు. చేలో అడవిపంది తప్పించుకున్నప్పుడల్లా వాటినే తిట్టేవాడివి.

"తేలిక చేసేస్తానండి, గంట పని," అన్నాడు తుపాకులు బాగుచేసే ఆయన.

వద్దని తీసుకొచ్చేశాను.

నీకు చెప్పని మాటొకటుంది. కాలవ నీళ్ల తగాదాలో పక్కచేను సుబ్బయ్య మీదికి తుపాకీ ఎత్తిన రోజు, ఊరికే బెదిరించానన్నాను. కాదన్నయ్యా, ట్రిగ్గర్ నొక్కాను. వేలు నొప్పెట్టేదాకా నొక్కాను. అది కదిలేలోపే నువ్వొచ్చి లాక్కున్నావు.

ఇంటికి తిరిగొచ్చే రేపల్లె బస్సులో ఆ సుబ్బయ్యే జరిగి నాకు చోటిచ్చాడు.

"ఏంటి తమ్ముడూ, తుపాకీ బాగైందా?" అన్నాడు నా ఒళ్లో గోనెసంచి చూసి.

"బాగానే ఉంది," అన్నాను, కిటికీలోంచి చూస్తూ.