బెజ్జాల అట్టలు

గద్వాల, 1967. బుధవారం.

తెలిసినదాంతో తెలియనిది చెప్పాలని టీచర్ ట్రైనింగులో నేర్పారు. అందుకే పేపర్లో చదివిన కంప్యూటర్ గురించి చెప్పడానికి, ఎనిమిదో తరగతి పద్మ వాళ్ల నాయిన దగ్గర మగ్గం అట్టలు అడిగి తెచ్చాను. ఏ పోగు లేవాలో అట్టలోని బెజ్జాలే మగ్గానికి చెప్తాయి; కంప్యూటర్ కూడా బెజ్జాల అట్టలే చదువుతుందని క్లాసులో అన్నాను. పద్మ ఒక్కతే అట్టలు చూసి, చీర అంచులో ఏ పువ్వు పడుతుందో చెప్పేసింది.

సాయంత్రం అట్టలు తిరిగిస్తూ ఆ సంగతి వాళ్ల నాయినకు గొప్పగా చెప్పాను. నా నోరు పడిపోను!

"గింత పని వచ్చినంక ఇంక బడెందుకు సారూ? రేపటి సంది మగ్గం మీద కూసోబెడత," అన్నాడు సంబరంగా.

పద్మ నా వైపే చూస్తోంది. నేను చెప్పులేసుకుని బయల్దేరాను.

అట్టలు అప్పజెప్పడానికి వెళ్లి, పిల్లను కూడా అప్పజెప్పి వచ్చాను.