పేరు చెబితేనే పాడే పెట్టె

తమ్ముడూ,

నాకు మతి చలించి గోడలతో మాట్లాడుతున్నానని ఎదురింటావిడ మరదలికి ఫోనులో చెప్పినదంతా అబద్ధం. నేను మాట్లాడుతున్నది కొత్త యాంప్లిఫయరుతో. మీ బావగారి పాతది ఆయన కన్నుమూసిన నెలలోనే మూగబోయింది. స్పీకర్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. వాటిని పారేయడానికి మనసొప్పక, నోటితో చెబితే ఇంటర్నెట్టు నుంచి పాటలు తెచ్చి వాటిలోనే వినిపించే పెట్టెను కొని తగిలించుకున్నాను.

ఆయన రోజూ సాయంత్రం పెట్టే వేణువు పాట కోసం దాని ముందు నిలబడి రాగం తీశాను. అది ఉలకలేదు, పలకలేదు. బిగించిన మెకానిక్కు నవ్వు ఆపుకుంటూ, "అమ్మగారూ, కూనిరాగాలకు అది లొంగదండీ. పేరు చెప్పాలి," అన్నాడు.

"పేర్ల సంగతి ఆయన చూసుకునేవారు నాయనా. నాది వినడం వరకే," అన్నాను.

వంటింట్లో ఉన్న నన్ను ఆయన, "వింటున్నావా?" అని కేకేసి అడిగేవారు. ఆ కేక లేక, స్పీకర్లు ఎంత మోగినా ఇల్లు నిండడం లేదు.

ఆయన పక్కన కూర్చుని విన్నవాడివి నువ్వు. ఆ పాట పేరు గుర్తుంటే వెంటనే రాయి. మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? నా ఉన్ని శాలువా మీ ఇంట్లోనే ఉండిపోయిందా? పిల్లలకు నా ఆశీస్సులు.

నాకోసం ఖాళీ చేయించిన గదిని కోడలికి తిరిగి ఇచ్చెయ్యి. ఈ ఇంటి అద్దె ఒప్పందాన్ని నిన్ననే పొడిగించుకున్నాను. సంతకం కూడా అయిపోయింది.