ముల్లు కదల్లేదు

బొంబాయి, 9-2-1964

నాయనకు, అమ్మకు వందనాలు. నేను కులాసా.

"మీ జకరయ్య హైడ్రోజన్ బాంబు చేస్తన్నాడంట" అని ఏసోబు మామ అన్నాడని అమ్మ అన్నం మానేసిందట. ఈ అణుశక్తి సంస్థలో ఉద్యోగం వదిలి రమ్మని మీరు రాశారు. చదివి ఒళ్ళు మండింది. నేను రాను. ఇది బాంబు కాదు. సూర్యుడిలోని మంటను కొలిమిలో మండించి, మన దుర్గి కూలోళ్ళ ఇళ్ళకు కూడా కరెంటు ఇవ్వాలని పెద్ద పెద్ద దేశాలు తంటాలు పడుతున్నాయి. దానికి ట్రిటియం అనే వాయువు కావాలి. అది తవ్వితే దొరకదు, దాచితే తరిగిపోతుంది. అమ్మ పెరుగులోంచి రేపటికి తోడు తీసిపెట్టినట్టు, మండే కొలిమిలోనే దాన్ని మళ్ళీ పుట్టించుకోవాలి. ఆ కొలిమి ఇంకా ఎక్కడా లేదు. ఆ వాయువును కారిపోకుండా పట్టే గాజు గొట్టాలు అతకడం మేము నేర్చుకుంటున్నాం.

నిన్న నా గొట్టాలకు పరీక్ష. లోపలి గాలంతా తోడేశారు. అతుకు కారితే మీటరు ముల్లు కదులుతుంది. మన నరసరావుపేట కామేశం పక్కన చేరి, "ఏందిరా చెమటలు? ముల్లు కదిలిందా, గుంటూరు బండి ఎక్కుతావు" అన్నాడు. "నోరు మూసుకొని చూడరా" అన్నాను. సాయంత్రం దాకా ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు! కామేశమే నాకు టీ ఇప్పించాడు.

గేదె ఈనిందా? చెల్లి రాహేలును బడి మాన్పించవద్దు. ఇటు వచ్చేవాళ్ళ చేత చింతకాయ తొక్కు పంపండి.

అమ్మ ముందు అన్నం తినాలి. ఆదివారం చర్చిలో లేచి నిలబడి, మామకు కూడా వినపడేటట్టు నా పని కోసం ప్రార్థన చెయ్యాలి.

మీ కొడుకు
జకరయ్య