జిలేబీ అంటిన చేయి

అవ్వా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకున్న షుగరే నీ కొడుకునైన నాకూ వచ్చింది. కాలి పుండు మానడం లేదు. అది మానాలని ఎడపల్లిలో మన సంఘమంతా ఇవాళ ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. నేను మాత్రం వచ్చేటప్పుడు బోధన్ బస్టాండు దగ్గర ఆగి, ఎవరూ చూడకుండా జిలేబీ తిన్నాను.

పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టని ఎస్తేరక్క ప్రార్థనలో నా చేయి పట్టుకుంది. పాకం అంటిన నా వేళ్లు ఆమె వేళ్లకు అతుక్కున్నాయి. లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి నా చేయి కడిగింది.

"రేపు గూడ ఉపాసముంట తియ్యి తమ్మీ" అన్నది.

బాపు కల్లు మానాలని నువ్వూ ఇట్లాగే పస్తులుండేదానివి. తాగొచ్చి నీ పక్కన ఆమెన్ అనే బాపును చూస్తే నాకు రోత పుట్టేది.

ఇవాళ నేనూ ఆమెన్ అన్నాను, నోరింకా తియ్యగా ఉండగానే.